పాప చెయ్యి, కేస్ షీట్, కన్జ్యూమర్ కమిషన్: నా అనుభవం

కాన్పులో బిడ్డకు దెబ్బ తగిలిందని, ఇప్పుడేం చెయ్యాలో తోచడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు లాయర్ ఊసెత్తను. "కేస్ షీట్ మొత్తం తీసుకున్నారా?" అని అడుగుతాను. డిస్చార్జ్ సమ్మరీ ఉందండీ అంటారు. అది చాలదు. ఆ రెండు పేజీల్లో ఉండేది ఆస్పత్రి మనకు చెప్పదలచుకున్నంత వరకే. లేబర్ రూమ్‌లో గంట గంటకూ ఏం జరిగిందో కేస్ షీట్‌లో ఉంటుంది. మా కేసు నిలబడింది ఆ కట్టలో ఒక నర్సు చేత్తో రాసిన ఒకే ఒక్క లైన్ మీద. ఇంకో తల్లికి పనికొస్తుందనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మా పాప 2022 మార్చిలో పుట్టింది. కోస్తాలో ఓ మోస్తరు పట్నం, అక్కడ పేరున్న ప్రైవేటు నర్సింగ్ హోమ్. గ్లూకోజు నీళ్ళు తాగించి చేసే పరీక్షలో నాకు షుగర్ ఉన్నట్టు ఏడో నెలలో తేలింది. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు రక్తంలో చక్కెర 140 గానీ ఆపైన గానీ ఉంటే గర్భిణికి షుగర్ ఉన్నట్టు లెక్క. నాకు 168 వచ్చింది. అన్నం తగ్గించమన్నారు, నడవమన్నారు, తర్వాత మాత్రలు రాశారు. తల్లికి షుగర్ ఉంటే బిడ్డ బాగా బరువెక్కవచ్చని, భుజాల దగ్గర కొవ్వు పడుతుందని, తల బయటికొచ్చాక భుజం ఇరుక్కునే ప్రమాదం ఎక్కువని మాత్రం ఎవరూ చెప్పలేదు. చివరి స్కాన్‌లో బిడ్డ బరువు నాలుగు కిలోలు దాటి చూపించింది. మన దగ్గర చాలామంది పిల్లలు మూడు కిలోల అటూ ఇటూగా పుడతారు. మా అత్తయ్య గారు "బొద్దుగా పుడుతుంది" అని మురిసిపోయారు. డాక్టరమ్మ గారు ఆ కాగితం చూసి ఫైల్లో పెట్టి, నొప్పులొస్తే రమ్మన్నారు. అంతే.

నొప్పుల డ్రిప్ పెట్టిన చాలాసేపటికి తల బయటికొచ్చింది. భుజం రాలేదు. గదిలో అందరి గొంతులూ ఒక్కసారిగా మారిపోయాయి. ఎవరో స్టూల్ ఎక్కి నా పొట్ట పైభాగం మీద రెండు చేతులూ పెట్టి కిందికి నొక్కారు. నాకు ఊపిరాడలేదు. డాక్టరు గారు కింది నుంచి లాగుతున్నారు. పాప పుట్టింది, కాసేపటికి ఏడ్చింది. బరువు 4 కిలోల 200 గ్రాములు.

మర్నాడు బట్టలు మారుస్తూ మా అమ్మ గమనించింది. పాప ఎడమ చెయ్యి ఆడిస్తోంది, కుడి చెయ్యి పక్కకు వాలిపోయి ఉంది. మోచెయ్యి చాపుకుని, అరచెయ్యి వెనక్కి తిరిగి, మణికట్టు ముడుచుకుని ఉంది. పసిపిల్లలు ఉలిక్కిపడితే రెండు చేతులూ పైకి ఎగరేస్తారు కదా, మా పాప ఒక్కటే ఎగరేసేది. అడిగితే "నరం కాస్త సాగింది, పది రోజుల్లో అదే సర్దుకుంటుంది, నూనె రాయండి" అన్నారు. పిల్లల డాక్టరుకు చూపించలేదు. డిస్చార్జ్ సమ్మరీలో "నార్మల్ డెలివరీ, తల్లీ బిడ్డా ఆరోగ్యంగా ఉన్నారు" అని ఇంగ్లీషులో రాసి పంపించారు. చెయ్యి మాటే లేదు.

పది రోజులన్నది నెల దాటింది. విజయవాడలో పిల్లల ఎముకల డాక్టరు గారు చూడగానే ఎర్బ్స్ పాల్సీ అన్నారు. మెడలోంచి చేతికి వెళ్ళే నరాల గుత్తి ఉంటుంది, దాన్ని బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. భుజం ఇరుక్కుని ఉండగా తలను లాగితే ఆ నరాలు సాగిపోతాయి, ఒక్కోసారి తెగిపోతాయి. చాలామంది పిల్లలకు ఇది కొన్ని వారాల్లో, నెలల్లో దానంతటదే బాగవుతుందని ఆయన ధైర్యం చెప్పారు. కానీ ఊరికే కూర్చోకూడదట. కీళ్ళు బిగుసుకోకుండా రెండు మూడు వారాల వయసు నుంచే ఫిజియోథెరపీ మొదలెట్టాలి. మూడో నెలకు బిడ్డ మోచెయ్యి మడుస్తోందా లేదా అని చూడాలి. మడవకపోతే నరాల ఆపరేషన్ గురించి ఆలోచించాలి, అది మొదటి ఏడాదిలోపే చేస్తే ఫలితం బాగుంటుంది. మా పాప మడవలేదు. కోయంబత్తూరు తీసుకెళ్ళాం. కాలి పిక్కలోంచి నరం తీసి మెడ దగ్గర అతికించారు. ఇప్పుడు మోచెయ్యి మడుస్తుంది, చెంచా పట్టుకుంటుంది. చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు, జడ వేసుకోవాలంటే ఆ చెయ్యి తల వెనక్కి పోదు.

కేసు సంగతికి వస్తాను. పాప చెయ్యి గురించి తెలియగానే చుట్టాల్లో సగం మంది ఆస్పత్రి అద్దాలు పగలగొడదామన్నారు. మిగతా సగం పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడదామన్నారు. పెద్దమనుషులు వచ్చారు కూడా. కొంత సొమ్ము ఇస్తారు, ఇక మీద ఎక్కడా ఫిర్యాదు చెయ్యమని కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ సొమ్ము కోయంబత్తూరు ఆపరేషన్‌కే చాలదు. అప్పటికింకా పాప చెయ్యి ఎంత వరకు వస్తుందో ఏ డాక్టరూ చెప్పలేని స్థితి. నష్టం ఎంతో తెలియకముందే "ఇంక ఏమీ అడగం" అని ఎలా రాసిస్తాం? మా ఆయన సంతకం పెట్టలేదు. ఆ రోజు ఆయన్ని చాలామంది మొండివాడన్నారు. ఆ మొండితనమే మా పాపకు మిగిలిన ఆస్తి అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

పోలీసు కేసు పెట్టమని కూడా ఒత్తిడి వచ్చింది. డాక్టర్ల మీద క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా ఆ కేసు గెలిచినా డాక్టరుకు శిక్ష పడుతుందేమో గానీ పాప ఫిజియోథెరపీకి రూపాయి రాదు. మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చెయ్యవచ్చు, అక్కడ లైసెన్సు మీద చర్య ఉంటుంది, పరిహారం ఉండదు. మాకు కావలసింది పాప బతుకంతా అయ్యే ఖర్చు. అందుకు దారి కన్జ్యూమర్ కమిషనే. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో తేలిపోయింది. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆస్పత్రుల విషయంలో ఆ తీర్పు ప్రకారం ఈ దారి కుదరదు, సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్ళాలి. మాది బిల్లు కట్టిన కాన్పు కాబట్టి ఆ అడ్డంకి లేదు.

కేస్ షీట్ ఎలా తెచ్చుకున్నామంటే, నోటితో అడగలేదు, ఉత్తరం రాశాం. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం రోగి గానీ, రోగి తరఫువాళ్ళు గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్ళు దాచాలి. ఈ మాట ఉత్తరంలోనే రాసి రిజిస్టర్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపాం. "రికార్డులు ఇవ్వండి" అంటే మళ్ళీ డిస్చార్జ్ సమ్మరీ జిరాక్సే చేతిలో పెడతారు. అందుకని ఏమేం కావాలో పేరు పేరునా రాయాలి: ఓపీ కార్డు, స్కాన్ రిపోర్టులు, లేబర్ నోట్స్, పార్టోగ్రాఫ్, బిడ్డ గుండె చప్పుడు గ్రాఫులు, నర్సుల నోట్స్, మందుల చార్టు, సమ్మతి పత్రాలు, బిడ్డను పరీక్షించిన నోట్స్. మొదటిసారి నాలుగు కాగితాలు పంపారు. రెండో ఉత్తరం కాపీ జిల్లా వైద్యాధికారికి కూడా పెట్టాక కట్ట మొత్తం వచ్చింది, పేజీ పేజీకీ ఆస్పత్రి ముద్రతో.

ఆ కట్ట నేను ఎన్ని రాత్రులు చదివానో. నొప్పులు ఎలా ముందుకు సాగుతున్నాయో గంట గంటకూ గీసే చార్టే పార్టోగ్రాఫ్. మాది సగం దాకా గీసి ఉంది, ఆపైన ఖాళీ. తల ఎప్పుడు బయటికొచ్చింది, ఒళ్ళు ఎప్పుడు వచ్చింది అనే టైములు లేవు. భుజం ఇరుక్కుందన్న మాటే డాక్టరు గారి నోట్స్‌లో లేదు. కానీ నర్సుల నోట్స్‌లో, టైము వేసి, వంకర అక్షరాలతో "ఫండల్ ప్రెజర్ గివెన్" అని ఉంది. అంటే పొట్ట పైనుంచి నొక్కారని.

అది ఎందుకంత ముఖ్యమో నాకు ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ మేడమ్ వివరించారు. భుజం ఇరుక్కుపోవడం ఏ ఆస్పత్రిలోనైనా, ఎంత గొప్ప డాక్టరు దగ్గరైనా జరగొచ్చు. అది తప్పు కాదు. జరిగాక ఏం చేశారన్నదే ప్రశ్న. తల్లి మోకాళ్ళు రెండూ బాగా మడిచి పొట్టకు ఆనించాలి. పొత్తికడుపు కింది ఎముకకు కాస్త పైన ఒకరు నొక్కి భుజాన్ని పక్కకు జరపాలి. అవి కుదరకపోతే లోపల చెయ్యి పెట్టి బిడ్డను తిప్పాలి, లేదా వెనక చేతిని ముందుగా తియ్యాలి. గర్భాశయం పైనుంచి మాత్రం నొక్కకూడదు. తలుపు సందులో అడ్డంగా ఇరుక్కున్న బల్లను వెనక నుంచి ఇంకా గట్టిగా తోసినట్టే అది. బిగుసుకుంటుందే తప్ప కదలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 కాన్పు మార్గదర్శకాల్లో బిడ్డను బయటికి తేవడానికి పొట్ట పైనుంచి నొక్కడమే వద్దంది. మన ఊళ్ళలో ఇప్పటికీ ఆయాలు పొట్టెక్కి నొక్కుతూనే ఉన్నారు. మా ఇంటి చుట్టుపక్కల ఏ తల్లినడిగినా "నాకూ నొక్కారు" అంటుంది. ఇది ఆగాలి.

ఆ మేడమ్ ఇంకో మాట చెప్పారు, అది మింగుడు పడటానికి నాకు టైం పట్టింది. సిజేరియన్ చెయ్యకపోవడమే తప్పని నేను గట్టిగా నమ్మాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. తల్లికి షుగర్ ఉన్నప్పుడు బిడ్డ బరువు నాలుగున్నర కిలోలు దాటుతుందనుకుంటే సిజేరియన్ గురించి చెప్పాలని అమెరికా, బ్రిటన్ మార్గదర్శకాలు చెప్తాయి. మా స్కాన్ అంత చూపించలేదు. స్కాన్ బరువులో తేడా కూడా ఉంటుంది. "దాని మీదే కేసు కడితే వాళ్ళు తేలిగ్గా బయటపడతారమ్మా. మూడు విషయాలు పట్టుకో. ప్రమాదం ఉందని నీకు చెప్పలేదు. ఇరుక్కున్నాక చెయ్యకూడని పని చేశారు. పుట్టాక చెయ్యి సంగతి దాచి టైం పోగొట్టారు" అన్నారు. ఆవిడ సాటి డాక్టర్ల మీద ద్వేషంతో మాట్లాడలేదు. ఉన్నది ఉన్నట్టు రాసి అఫిడవిట్ మీద సంతకం పెట్టారు. అంతకుముందు మేం అడిగిన డాక్టర్లంతా నోటితో అయితే చెప్పారు గానీ కాగితం మీద పెట్టమంటే వెనక్కి తగ్గారు. సర్వీసులో లేనివాళ్ళని, వేరే జిల్లావాళ్ళని వెతుక్కోండి.

లాయర్ విషయంలో ఒక జాగ్రత్త. మా గురించి ఎలా తెలిసిందో గానీ ఒక మధ్యవర్తి వచ్చి "పైసా పెట్టక్కర్లేదు, గెలిస్తే ముప్పై శాతం" అన్నాడు. ఫలితాన్ని బట్టి వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. అది పాప సొమ్ము, అందులో మూడో వంతు ఎవరికో ఎందుకివ్వాలి? ఫీజు కట్టలేనివాళ్ళు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. మేము మా ఊరి లాయరమ్మ గారికే విడతలుగా ఫీజు కట్టుకున్నాం.

ఆవిడ చెప్పాక నా భయాలు సగం తీరాయి. పెద్ద మొత్తం అడిగితే విజయవాడకో ఢిల్లీకో వెళ్ళాలేమో, కోర్టు ఫీజు లక్షల్లో ఉంటుందేమో అనుకున్నాను. పాత చట్టంలో అడిగే పరిహారాన్ని బట్టి కోర్టు మారేది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో మనం కట్టిన బిల్లును బట్టి. 50 లక్షల దాకా బిల్లు అయితే జిల్లా కమిషనే. మా కాన్పు ప్యాకేజీ వేలల్లో ఉంది కాబట్టి ఎంత అడిగినా జిల్లాలోనే, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. బిల్లు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. గడువు మాత్రం రెండేళ్ళు. ఈ రెండేళ్ళు ఆపరేషన్ల మధ్య, ఫిజియోథెరపీ మధ్య ఎలా కరిగిపోతాయో తల్లులకు తెలుసు. పాప చెయ్యి పూర్తిగా బాగయ్యాక చూద్దాం అనుకుంటే గడువు దాటిపోతుంది. మేము 2023లోనే వేశాం. ఆస్పత్రిని, డాక్టరమ్మ గారిని, వాళ్ళు పాలసీ తీసుకున్న బీమా కంపెనీని ప్రతివాదులుగా చేర్చాం. డాక్టర్లకు ఇలాంటి కేసుల కోసమే ఇండెమ్నిటీ పాలసీ ఉంటుంది. పరిహారం అడిగితే ఒక డాక్టరు కుటుంబం రోడ్డున పడుతుందని బాధపడేవాళ్ళకు ఈ సంగతి తెలియాలి.

నర్సును కూడా ప్రతివాదిగా చేర్చుదామా అని లాయర్ గారు అడిగారు. నేను వద్దే వద్దన్నాను. ఆ అమ్మాయి పెద్దవాళ్ళు చెప్పింది చేసింది, చేసింది దాచకుండా రాసింది. ఆ గదిలో నిజం రాసిన ఒకే ఒక్క మనిషి ఆమె.

ఆస్పత్రి జవాబు దాఖలు చెయ్యడానికి చట్టంలో 30 రోజులు, ఇంకో 15 రోజులు పొడిగించవచ్చు, ఆపైన కుదరదు. వాళ్ళు చివరి రోజుల దాకా ఆగి వేశారు. అందులో ఒక వాక్యం చదివి నేను ఏడ్చాను. "సిజేరియన్ చేద్దామని చెప్పాం, పేషెంటే నార్మల్ కావాలని పట్టుబట్టింది" అని ఉంది. నన్ను ఎవరూ అడగనే లేదు. నా బిడ్డ చెయ్యి పోవడానికి నేనే కారణమని కాగితం మీద రాశారు. లాయర్ గారు మాత్రం కంగారు పడలేదు. సిజేరియన్ వద్దన్నట్టు నా సంతకం ఏది? కేస్ షీట్‌లో ఆ మాట ఏది? ప్రమాదం ఇంత ఉంది, ఇంకో దారి ఇది అని చెప్పి తీసుకున్నదే సరైన సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బ్రిటన్‌లో అచ్చం మాలాంటి కేసే ఉందని కూడా ఆవిడ చూపించారు. మాంట్‌గోమరీ కేసు. షుగర్ ఉన్న తల్లి, భుజం ఇరుక్కునే ప్రమాదం సుమారు నూటికి తొమ్మిది పది పాళ్ళని డాక్టరుకు తెలుసు, తల్లికి చెప్పలేదు. బాబు పన్నెండు నిమిషాలు ఇరుక్కుపోయి మెదడుకు దెబ్బ తగిలింది, చేతి నరాలు కూడా దెబ్బతిన్నాయి. ఆ తల్లి పోరాడగా పోరాడగా 2015లో అక్కడి సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఎక్కడో స్కాట్లాండ్‌లో ఒక తల్లికి నాకు జరిగిందే జరిగిందని తెలిసిన రోజు నాకు మొదటిసారి తప్పు నాది కాదనిపించింది.

విచారణ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఏళ్ళు పడుతుంది. వాయిదా మీద వాయిదా. సినిమాల్లోలా బోనులో నిలబెట్టి అడగడం ఉండదు, అఫిడవిట్లు వేస్తారు, ప్రశ్నలు రాతలో ఇచ్చి జవాబులు రాతలో తీసుకుంటారు. భుజం ఇరుక్కున్నప్పుడు ఏమేం చేశారని మా తరఫున అడిగితే, కాళ్ళు మడిచాం, సరైన పద్ధతులన్నీ పాటించాం అని జవాబు వచ్చింది. అయితే జవాబు మొదట్లో అసలు భుజమే ఇరుక్కోలేదన్నారు కదా, ఇప్పుడు పాటించామంటున్న పద్ధతులు ఏ పేజీలో ఉన్నాయి అని తర్వాతి ప్రశ్న. దానికి సరైన జవాబు రాలేదు.

కమిషన్ మా రికార్డును ప్రభుత్వ ఆస్పత్రి డాక్టర్ల బృందానికి పంపింది. "ఇది కాన్పులో తెలిసిన కాంప్లికేషనే" అని నాలుగు లైన్ల రిపోర్టు వచ్చింది. పొట్ట నొక్కడం గురించి ఒక్క మాట లేదు. ఆ రోజు ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. మా అదృష్టం కొద్దీ ఇలాంటి రిపోర్టే అంతా కాదని చెప్పిన తీర్పు ఒకటుంది, అది మన హైదరాబాద్ కేసే. మలేరియా శాఖలో పనిచేసే వి. కిషన్ రావు గారి భార్యకు మలేరియా అయితే టైఫాయిడ్‌కు వైద్యం చేశారు, ఆమె చనిపోయారు. ప్రతి వైద్య నిర్లక్ష్యం కేసులోనూ నిపుణుల అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు ఆ కేసులో చెప్పింది. మేము ఆ రిపోర్టు మీద అభ్యంతరం వేసి, ప్రొఫెసర్ మేడమ్ అఫిడవిట్, నర్సు రాసిన లైన్ పక్కపక్కన పెట్టాం.

నేను ఎక్కువ కష్టపడింది మాత్రం పరిహారం లెక్క మీద. చాలామంది "యాభై లక్షలు, కోటి" అని గుండుగుత్తగా రాసేస్తారు. కమిషన్ దగ్గర అలా కుదరదు, అంకె వెనక కాగితం ఉండాలి. ఆపరేషన్ బిల్లులు, రైలు టికెట్లు, స్ప్లింట్ కొన్న రసీదు, చిట్టీ ముక్క మీద రాసిచ్చే ఫిజియోథెరపీ ఫీజుకు కూడా సంతకం ఉన్న బిల్లు. ఇవి జరిగిపోయిన ఖర్చులు, తేలిక. ముందు ముందు అయ్యేదాన్ని లెక్కగట్టడమే బరువు. పాప ఎదుగుతున్నంత కాలం ఎముక ఎదిగినట్టు కండ ఎదగదు, కీలు బిగుసుకుంటుంది. అందుకే ఫిజియోథెరపీ ఎదుగుదల ఆగేదాకా కావాలి. భుజానికి కండరం మార్చి కట్టే ఆపరేషన్ ఇంకోటి కావాలి. వాటికి డాక్టరు గారి చేత అంచనా రాయించుకున్నాం. నేను ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం మానేశాను, ఆ జీతం స్లిప్పులు పెట్టాం. వైకల్యం ఎంతుందో చూసి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి తీసుకెళ్తే వయసు చిన్నది కాబట్టి తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చారు, అదీ జత చేశాం. ప్రతి నెలా ఒకే గోడ ముందు నిలబెట్టి, చెయ్యి ఎంత ఎత్తగలదో తీసిన వీడియోలు పెన్ డ్రైవ్‌లో ఇచ్చాం.

ఇవాళ ఇరవై వేలయ్యే వైద్యం పదేళ్ళ తర్వాత ఇరవై వేలకు కాదు కదా. ఈ మాటను 2015లో వి. కృష్ణకుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 1996లో చెన్నైలో నెలలు నిండకుండా పుట్టిన పాపకు కళ్ళ పరీక్ష చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చూపు పోయింది. ధరల పెరుగుదలను కూడా లెక్కవేసి కోర్టు మొత్తం సుమారు 1 కోటి 80 లక్షలు ఇప్పించింది. 1998 స్ప్రింగ్ మెడోస్ కేసులో బిడ్డకు 12 లక్షల 50 వేలు, తల్లిదండ్రుల క్షోభకు విడిగా 5 లక్షలు ఇచ్చారు. అంటే బిడ్డా వినియోగదారే, తల్లిదండ్రులూ వినియోగదారులే. హైదరాబాద్‌లో ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిపోయిన ఇంజనీరు ప్రశాంత్ ధనాంక గారు చక్రాల కుర్చీలో కూర్చుని సుప్రీంకోర్టులో తన కేసు తానే వాదించుకున్నారు, 2009లో కోటి రూపాయలు వచ్చాయి. ఆ తీర్పు నేను తెలుగులో చెప్పించుకుని మరీ విన్నాను. మా పాపది అంత పెద్ద నష్టం కాదు. కానీ లెక్క కట్టే పద్ధతి అదే. మా ఫిర్యాదులో అడిగింది 60 లక్షలు.

2025లో ఆర్డర్ వచ్చింది. సిజేరియన్ విషయంలో కమిషన్ ఆస్పత్రి మాటే ఒప్పుకుంది, ప్రొఫెసర్ మేడమ్ ముందే చెప్పినట్టు. పొట్ట పైనుంచి నొక్కడం, ప్రమాదం ముందుగా చెప్పకపోవడం, చెయ్యి సంగతి రాయకుండా ఇంటికి పంపడం, ఈ మూడూ సేవాలోపమని రాసింది. నర్సు నోట్స్‌లోని లైన్‌ను ఆర్డర్‌లో యథాతథంగా ఎత్తి రాశారు. పాపకు 18 లక్షలు, మా ఇద్దరి క్షోభకు 3 లక్షలు, అయిన వైద్య ఖర్చులు, వడ్డీ, కోర్టు ఖర్చులు. పాప సొమ్ము జాతీయ బ్యాంకులో ఆమె పేర పద్దెనిమిదేళ్ళు నిండేదాకా డిపాజిట్ చెయ్యాలి, దాని వడ్డీ మాత్రం మేము వైద్యానికి తీసుకోవచ్చు. ఆ షరతు విని మా చుట్టాలు కొందరు చప్పరించారు గానీ నాకు అదే నచ్చింది. అది పాపదే, మా అప్పులకూ ఇంటి అవసరాలకూ ఎవరి చెయ్యీ పడకూడదు.

ఆస్పత్రి రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసింది. 45 రోజుల్లో వెయ్యాలి, ఆర్డర్ సొమ్ములో సగం ముందు కట్టాలి. కట్టారు. భవిష్యత్తు ఖర్చు తక్కువ లెక్కేశారని మేమూ అప్పీలు వేశాం. రెండూ కలిపి విజయవాడలో నడుస్తున్నాయి. ఈలోగా పాప భుజం ఆపరేషన్‌కు టైం వచ్చింది, అది అప్పీలు తేలేదాకా ఆగదు. అందుకని డిపాజిట్ అయిన సొమ్ములోంచి ఆపరేషన్ వరకు విడుదల చెయ్యమని విడిగా పిటిషన్ వేశాం. దానికి ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద అంచనా, ఆపరేషన్ ఇప్పుడే ఎందుకు చెయ్యాలో డాక్టరు రాసిన ఉత్తరం, పాప ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీ, సొమ్ము ఆపరేషన్ చేసే ఆస్పత్రికే నేరుగా పంపడానికి మాకు అభ్యంతరం లేదన్న మెమో జతచేశాం. నేరుగా పంపమనడం లాయర్ గారి ఆలోచన, అలా అడిగితే కమిషన్ త్వరగా ఒప్పుకుంటుందని ఆవిడ అనుభవం. వచ్చే వాయిదాకి ఆ పిటిషనే ముందు తీసుకుంటామన్నారు. కోయంబత్తూరులో ఆపరేషన్ తేదీ దాన్నిబట్టి పెట్టుకున్నాం.